షాలిని గొంతు ఎవరికిచ్చారు

పరంజ్యోతికి చూపు పోయాక ఆ ఇంట్లో టీవీ చప్పుడు పెరిగింది. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసినన్నాళ్ళూ ఆయన టీవీ ముందు కూర్చున్నదే తక్కువ. షుగరు జబ్బు మెల్లమెల్లగా రెండు కళ్ళూ తినేశాక, మంచం పక్కన కుర్చీ వేయించుకుని, పొద్దున్న ప్రార్థన అయిన దగ్గర్నుంచి సీరియళ్ళు వినడం మొదలుపెట్టాడు. చూసేవాళ్ళకి పట్టనివి చాలా వినేవాడికి పట్టుబడతాయి. కొన్నాళ్ళకే ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. కనిపెట్టి ఊరుకున్నాడా అంటే లేదు, గడపలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పాడు.

"టీవీలో మన మాట వినబడిందంటే అదెవులో నాను సూడకండా సెప్పేస్తాను. వాచ్‌మేనైనా అవ్వాల, పనిమనిసైనా అవ్వాల, తాగుబోతైనా అవ్వాల. నోరు తెరవకముందే కితకితల మూజిక్కు ఏసేస్తారు. డాట్రుకి మన మాట ఉండదు. జడ్జీకి ఉండదు. మన జిల్లాల్లో సదువుకున్నోలే నేరేటి?"

"సీరియలు ఇనండి, టీవీతోటి తగువేటి," అనేది భార్య జ్ఞానసుందరి. ఆవిడకి సాయంత్రం వంట తొందర. న్యాయం ఎటు ఉన్నా పప్పు ఉడకాలి కదా.

షాలిని వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేది. తీరిక దొరికితే సెల్‌ఫోన్లో చిన్న చిన్న వీడియోలు చేసి పెట్టేది. సంతలో వంకాయల బేరం, బస్సులో సీటు కోసం తగువు, చర్చిలో పాట ఎవరు ఎత్తుకోవాలని పెద్దమ్మల గొణుగుడు, అన్నీ ఇంటి మాటలోనే. అవి చూసి యుగంధర్ అనే అసిస్టెంట్ డైరెక్టరు ఫోన్ చేశాడు. గరివిడి దగ్గర ఒక పాత బంగళాలో సినిమా తీస్తున్నారట, అందులో ఆమెకొక వేషం ఉందట.

"ఇన్నాళ్ళూ మీ యాసని కామెడీకే వాడారు మేడమ్. మా డైరెక్టర్ గారు అలాంటివారు కాదు. నర్సు ఎస్తేరు అని మంచి పాత్ర రాశారు. హీరో తల్లిని చావు నోట్లోంచి లాక్కొస్తుంది. మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి, అంతకంటే మాకేమీ వద్దు."

ఇంత తియ్యగా చెబితే కాదనేవాళ్ళెవరు? షాలిని ఫోన్ పెట్టేసి, కుర్చీలో ఉన్న తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పింది.

"నర్సా?" అన్నాడు పరంజ్యోతి.

"నర్సే నాన్నా."

"మన మాటేనా? కితకితల మూజిక్కు ఉండదు కదా?"

"ఉండదు నాన్నా. దేవుడు సూస్తన్నాడు."

ఆ మాటతో ఆయన మరి అడగలేదు. దానికి కారణం ఉంది. ఆ ఇంట్లో ఒట్టు వేయరు. తాతల నాటి నుంచి బాప్టిస్టు సంఘంలో ఉన్న కుటుంబం, ఒట్టు నోటికి రాకూడదని వాళ్ళ పట్టుదల. ఊళ్ళో మిగిలినవాళ్ళు 'నా పిల్లల మీద ఒట్టు' అనే చోట వీళ్ళు 'దేవుడు సూస్తన్నాడు' అంటారు. అన్నాక ఇంక ఎదురు ప్రశ్న ఉండకూడదు. చిన్నప్పుడు షాలిని డబ్బాలో పంచదార తినేసి, తినలేదని బుకాయిస్తే, తండ్రి కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. "అయితే ఆ మాట అను," అనేవాడు. ఆ పిల్ల మూతి చుట్టూ పంచదారతో నిలబడి, ఆ మాట అనలేక భోరున ఏడ్చేది. అబద్ధం ఆడేటప్పుడు ఆ మాట ఒక్కసారి కూడా ఆమె నోటికి రాలేదు. అది తండ్రికి తెలుసు.

షూటింగు బాగానే జరిగింది. తెల్ల బట్టలు, మెడలో చిన్న శిలువ. షాలిని మొదటి రోజు వణికింది గానీ, తర్వాత హీరో తల్లి మంచం పక్కన నిలబడి, "నువ్వేటీ బెంగెట్టుకోకమ్మా, నానున్నాను," అని చెబితే అక్కడున్న లైటు పనివాళ్ళు కూడా కదలకుండా నిలబడిపోయారు. ఆ తర్వాత హైదరాబాదు పిలిచి డబ్బింగు చెప్పించారు. నర్సు మాటలన్నీ చెప్పేశాక యుగంధర్ ఒక కాగితం చేతిలో పెట్టాడు.

"ఇవి గుంపులో ఆడవాళ్ళ గొంతులు మేడమ్. ఎవరో ఒకరి చేత చెప్పించాలి. మీరున్నారుగా, చెప్పేయండి."

ఎదుట తెర మీద బొమ్మ లేదు. కాగితం మీద మాటలు మాత్రమే ఉన్నాయి. కాఫీ గురించి ఒకటి, కాళ్ళ నొప్పుల గురించి ఒకటి, చివర్న 'నేను తియ్యలేదు బాబూ, నా పిల్లల మీద ఒట్టు' అని ఒకటి. షాలిని అన్నీ తన మాటలోకి తిప్పుకుని హుషారుగా చెప్పింది. ఒట్టు దగ్గర మాత్రం ఆగింది. ఒట్టు నోటికి రాదు, ఏం చేస్తుంది? "నాను తీయనేదు బాబూ, దేవుడు సూస్తన్నాడు," అని చెప్పేసింది. రికార్డింగు అబ్బాయి అద్దం అవతల నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. దాంతో ఆ పిల్ల మురిసిపోయి రైలెక్కేసింది.

ఇక సినిమా విడుదలకి ముందు ఆదివారం. వాళ్ళ సంఘంలో ఆరాధన చివర సాక్ష్యాల సమయం ఉంటుంది. మేలు పొందినవాళ్ళు ఎవరైనా లేచి నిలబడి, అందరికీ వందనాలు చెప్పి, తమకి జరిగింది జరిగినట్టు చెప్పాలి. మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. ఆ రోజు పరంజ్యోతి లేచాడు.

"అందరికీ వందనాలు. నాకు కళ్ళు పోయినాయని మీకందరికీ తెలుసు. శుక్రవారం నాడు మా సాలిని పెద్ద తెరమీద మన మాట మాట్టాడతాది. నర్సు ఏసం. నవ్వులాటకి కాదు. నాను సూడనేను, ఇంతాను. అది ఇన్న తరవాత నాకింక కళ్ళు నేవన్న బెంగ నేదు."

పాస్టరు విక్టర్ అయ్యగారు సినిమా కోసం ప్రార్థన చేయడం ఆ సంఘం పుట్టాక అదే మొదలట. కొందరు ముసలివాళ్ళు మొహాలు చూసుకున్నారు. అయినా ఆమెన్ అందరూ గట్టిగానే అన్నారు.

శుక్రవారం మార్నింగ్ షోకి ఆటోలు కట్టించుకుని విజయనగరం వెళ్ళారు. సంఘం ఆడవాళ్ళు, విక్టర్ అయ్యగారు, పక్కింటి నారాయణమ్మ. నారాయణమ్మ వాళ్ళు వరి చేను ఉన్న రైతులు. ఆవిడ ఇంట్లో దేవుళ్ళ పటాలు, వీళ్ళింట్లో గోడకి శిలువ. ఆ రెండు ఇళ్ళ మధ్య కూర గిన్నెలు తిరగని రోజు లేదు. షాలినికి చిన్నప్పుడు నలుగు పెట్టి నీళ్ళు పోసింది ఆవిడే. ఊడ్పులు మానుకుని మరీ వచ్చింది.

హాల్లో పరంజ్యోతి భార్యకీ కూతురికీ మధ్య కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కర్ర. "నా సెవులకి ఎవులూ అడ్డు రాకండి," అని ముందే అందరికీ చెప్పాడు.

కాసేపటికి తెర మీద ఆసుపత్రి వచ్చింది. తలుపు తీసుకుని షాలిని వచ్చింది. తెల్ల బట్టలు, మెడలో శిలువ, అంత పెద్ద మొహం. సంఘం ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నారాయణమ్మ ఈల వెయ్యడానికి వేళ్ళు నోట్లో పెట్టుకుంది గానీ చప్పుడు రాలేదు. తెర మీది షాలిని మంచం మీదికి వంగి, నోరు తెరిచింది.

"మీరేం కంగారుపడకండి. అమ్మగారికి ఏమీ కాదు. నేనున్నానుగా."

ఎవరిదో గొంతు. సన్నగా, నున్నగా, బ్యాంకుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే గొంతు. షాలిని నోరు కదులుతోంది, మాట మాత్రం ఇంకొకతెది. షాలినికి మొదట హాల్లోనే ఏదో తప్పు జరిగిందనిపించింది. మిషను పాడై ఉంటుంది, ఇంకో సినిమా మాట దీంట్లో పడి ఉంటుంది అనుకుంది. తెలియకుండానే చేయి తన గొంతు మీదికి పోయింది. మళ్ళీ ఎస్తేరు మాట్లాడింది, మళ్ళీ అదే గొంతు.

"ఏటి, మన గుంట ఇంకా రానేదేటి?" అన్నాడు పరంజ్యోతి.

"వచ్చింది కదండీ. అదిగో, మాట్టాడతంది," అంది జ్ఞానసుందరి.

"అది మన సాలిని కాదు."

"సాలినేనండీ. నాను కళ్ళతోటి సూస్తన్నాను."

"నాను సెవులతోటి ఇంతన్నాను. అది మన గుంట కాదు."

ఆ తగువు తెగేది కాదు, ఎందుకంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. షాలిని ఏమని చెబుతుంది? నా మొహం ఉంచుకుని నా గొంతు తీసి పారేశారు నాన్నా అని ఆ చీకట్లో, అంతమంది మధ్య, ఆ ఇస్త్రీ చొక్కా మనిషికి ఎలా చెబుతుంది?

ఇంటర్వెల్ పడగానే బయటికి పరిగెత్తి యుగంధర్‌కి ఫోన్ చేసింది. అవతల అంతా గోల, బాణాసంచా చప్పుడు.

"ఓ, అదా," అన్నాడు యుగంధర్, ఏదో బటన్ ఊడిందన్నట్టు. "నర్సు చదువుకున్న పాత్ర కదా మేడమ్. ఆ యాసలో మాట్లాడితే సీరియస్ సీన్లో జనం నవ్వేస్తారని పైవాళ్ళు భయపడ్డారు. చివర్లో మార్చేశారు. మీకు చెబుదామనే అనుకున్నాను."

"నవ్వరని సెప్పే కదా నన్ను పిలిచినారు," అంది షాలిని. కోపం వస్తే ఆమెకి ఇంటి మాటే వస్తుంది.

"అబ్బా, ఫీలవకండి. మీ గొంతు వేస్ట్ కాలేదు. సెకండాఫ్‌లో వాడాం. హైదరాబాద్‌లో థియేటర్లు మోత మోగిపోతున్నాయి. చూడండి, మీకే తెలుస్తుంది." ఫోన్ పెట్టేశాడు.

షాలిని లోపలికి వచ్చింది. తండ్రి పాప్‌కార్న్ పొట్లం ముట్టుకోకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మొహం వాడిపోయి ఉంది. ఆ మొహం చూసి తట్టుకోలేక, తను విన్నదాంట్లో పనికొచ్చే ముక్క ఒక్కటి ఏరి చెప్పింది.

"సెకండాఫ్‌లో ఉన్నాదట నాన్నా, నా గొంతుక."

"అలగ సెప్పు మరి. ముందే అనుకున్నాను," అన్నాడాయన. పొట్లం విప్పి ఒకటి నోట్లో వేసుకున్నాడు.

రెండో సగం మొదలైంది. హీరో వాళ్ళ బంగళా. వంటింట్లోంచి పనిమనిషి వచ్చింది. ఆ పిల్ల ఎక్కడిదో, ఏ భాష పిల్లో, చేతులు తెల్లగా ఉన్నాయి, మొహానికి మాత్రం నల్లరంగు పూశారు. పళ్ళకి గార, జుట్టుకి చింపిరి, చీర మోకాళ్ళ పైకి. నడుము తిప్పుకుంటూ నడుస్తుంటే వెనక డుబుడుబుమని వాయించారు. నారాయణమ్మ పకపకా నవ్వింది. సంఘం ఆడవాళ్ళు నవ్వారు. జ్ఞానసుందరి నవ్వింది. ఉన్నమాట చెప్పుకోవాలి, షాలినికి కూడా నవ్వొచ్చింది. అప్పుడు ఆ పిల్ల నోరు తెరిచింది.

"ఓలమ్మోలమ్మ, కాల్లు పడిపోతన్నాయి. ఒక్క కాపీ సుక్క పోసీ నాదుడే నేడు ఈ కొంపలో."

షాలిని గొంతు.

నవ్వు పెదాల మీదే ఉండిపోయింది, లోపల మనిషి లేనట్టయింది. తనదే. కాళ్ళ నొప్పుల మాట, కాఫీ మాట, గుంపులో ఆడవాళ్ళవని చెప్పి చేతిలో పెట్టిన మాటలు. హైదరాబాదులో హుషారుగా చెప్పిన ప్రతి మాటా ఆ గార పళ్ళ మధ్య నుంచి వస్తోంది. ఒక్కొక్క మాటకీ హాలు కూలిపోయేలా నవ్వుతోంది. నవ్వేది ఎవరయ్యా అంటే పరాయివాళ్ళు కాదు. విజయనగరం వాళ్ళే, చీపురుపల్లి వాళ్ళే, ఇంటికి వెళ్ళి భార్యతో, బిడ్డతో, ఎద్దుతో అదే మాట మాట్లాడేవాళ్ళే.

"స్తోత్రం," అన్నాడు పరంజ్యోతి బిగ్గరగా. కూతురి చేయి వెతికి పట్టుకున్నాడు. "ఇన్నావా జ్ఞానం, ఇన్నావా? సాలిని."

జ్ఞానసుందరి నోటికి చేయి అడ్డం పెట్టుకుని తెరనీ కూతుర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆయన వెనక్కి తిరిగి, వెనక వరుసలో ఎవరున్నారో తెలియకుండానే, "నర్సు ఎస్తేరు ఏసింది మా అమ్మాయే," అన్నాడు.

"ఎవులు పెద్దాయనా?" అన్నాడు వెనకాయన.

"ఇప్పుడు మాట్టాడింది కాదా, అదే."

"ఓ, అదా. కడుపు సెక్కలైపోతంది బాబూ. భలే నవ్విస్తంది."

"నవ్విస్తందేటి?" అన్నాడు పరంజ్యోతి. మొహం ముందుకి తిప్పుకున్నాడు. మళ్ళీ అడిగాడు, ఈసారి కూతుర్ని. "కాల్లు నొప్పులంతంటే నవ్వుతారేటమ్మా?"

చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేకపోతుంది. షాలిని నోరు తెరిచింది. ఈలోగా తెర మీద గోల లేచింది. ఇంటావిడ బంగారపు గొలుసు పోయింది. వెతకడం, అరవడం, ఎవరో పనిమనిషిని జుట్టు పట్టి లాక్కురావడం. పరంజ్యోతి మెడ చాచి వింటున్నాడు.

"దొంగముండా, ఎక్కడ దాచావే?" అంది ఇంటావిడ. చెంప మీద దెబ్బ పడింది. దెబ్బతో పాటు డోలు మీద ఒక దరువు. హాలు నవ్వింది.

"నర్సుని పట్టుకుని దొంగంతన్నారేటి?" అన్నాడు పరంజ్యోతి. ఇంకో దెబ్బ, ఇంకో దరువు. "ఎందుకు కొడతన్నారమ్మా నిన్ను?"

"నాను తీయనేదు బాబూ," అంది తెర మీద షాలిని గొంతు, "దేవుడు సూస్తన్నాడు."

సరిగ్గా ఆ మాట దగ్గరే పనిమనిషి బొడ్లోంచి గొలుసు జారి కింద పడింది. మళ్ళీ డుబుడుబు. హాలు హాలంతా చప్పట్లు, ఈలలు. గొలుసు పడటం అందరూ చూశారు, ఒక్క పరంజ్యోతి తప్ప.

ఆయన లేచి నిలబడ్డాడు. కర్ర నేలకి ఆనించి, చర్చిలో ఎలా నిలబడతాడో అలాగే.

"అందరికీ వందనాలు," అన్నాడు.

ముందువాళ్ళు వెనక్కి తిరిగారు. "కూకో తాతా," అని ఎవరో అరిచారు. ఆయన ఆగలేదు. ఆయనకి తెలిసి సాక్ష్యం చెప్పేవాడిని మధ్యలో ఎవరూ ఆపకూడదు.

"నాను నెల్లిమర్ల పరంజ్యోతిని. ఆ పిల్ల నా కూతురు. అది తీయనేదు. సిన్నప్పటినించి నాకు తెలుసు, తీస్తే ఆ మాట దాని నోటికి రాదు. వచ్చిందంటే అది తీయనేదన్నమాట. మీరెవులో నాకు కనబడరు. నవ్వకండి. ఆ కొట్టడం ఆపమని సెప్పండి."

నవ్వులు రెట్టింపయ్యాయి. ఇది కూడా సినిమాలో భాగమే అనుకున్నారో ఏమో. ఎవరిదో సెల్‌ఫోన్ లైటు ఆయన మొహం మీద పడింది. ఆ వెలుతురు తనకి తగులుతున్నట్టు కూడా తెలియకుండా కళ్ళు విప్పుకుని నిలబడ్డాడు. సిగ్గు, ఏడుపు, కోపం అన్నీ కలిసి షాలినిని ఒక్కసారి లేపి నిలబెట్టాయి. తండ్రి భుజం పట్టుకుంది.

"నాన్నా, కూకో నాన్నా. నాను తీయనేదు. నానిక్కడే ఉన్నాను. నన్నెవులూ కొట్టనేదు."

ముందు వరుసలో కడుపు పట్టుకుని నవ్వుతున్న ఒకావిడ చటుక్కున ఆగి వెనక్కి తిరిగింది. ఆవిడ పక్కనున్న మనిషి తిరిగాడు. తెర మీద జుట్టు పట్టించుకుని దెబ్బలు తింటున్న గొంతు, ఇస్త్రీ చుడీదార్ వేసుకున్న ఈ అమ్మాయి నోట్లోంచి ఎలా వస్తోందో వాళ్ళకి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తెర మీద ఇంకో దెబ్బ పడింది, దరువు పడింది. ఆ చుట్టుపక్కల ఎవరూ నవ్వలేదు.

పరంజ్యోతి కూర్చోలేదు. కూతురి మొహం తడిమి చూశాడు. చెంప మీద చేయి ఆగింది, దెబ్బ ఆనవాలు వెతుకుతున్నట్టు.

"నువ్విక్కడుంటే మరి అక్కడెవుల్ని కొట్టినారమ్మా?"

"మనల్నే నాన్నా," అంది షాలిని. ఇంక దాచడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. "నర్సుకి వేరే గొంతుక పెట్టుకున్నారు. నాది దొంగకిచ్చేసినారు."

హాల్లో సినిమా నడుస్తూనే ఉంది. పరంజ్యోతి తల ఒక పక్కకి వంచి, చుట్టూ ఉన్న చీకటిని విన్నాడు.

"మరి ఇందాకలా నవ్వినోలెవులు? మన మాటే మాట్టాడతన్నారు కదా."

నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జ్ఞానసుందరి తల దించుకుంది. జవాబు చెప్పాల్సిన వాళ్ళలో తనూ ఉందని తెలిసి, షాలిని తండ్రి చేయి పట్టుకుని అలాగే నిలబడింది.